వీసం ఇమిడింది, పది పైసలు ఇమడలేదు

అంబాజీపేటలో ఒక కొబ్బరి వర్తకుడున్నాడనుకుందాం. ఆయన కళ్లంలో రాశులు రాశులుగా కాయలు పడుతుంటాయి. లెక్క చూడటానికి ఆయన ఒక కంప్యూటరు పెట్టుకున్నాడు. ఒక కాయ పడగానే అది తన దగ్గరున్న సంఖ్యకు ఒకటి కలుపుతుంది. అంతకంటే దానికి వేరే పని లేదు.

కొన్నేళ్ళకు ఒక రోజున తెర మీద 1,67,77,216 కనిపించింది. మరో కాయ పడింది. సంఖ్య మారలేదు. ఇంకోటి పడింది. మారలేదు. సాయంత్రం దాకా బండ్లకొద్దీ కాయలు పోశారు. యంత్రం మాత్రం కోటీ అరవై ఏడు లక్షల డెబ్భై ఏడు వేల రెండు వందల పదహారు దగ్గరే భీష్మించుక్కూచుంది.

తీగ తెగలేదు, కరెంటు పోలేదు. యంత్రం ఒకటి కలుపుతూనే ఉంది కూడా. కలిపినా ఫలితం అదే వస్తోంది! వర్తకుణ్ణి నేను కల్పించాను గాని, ఈ సంఖ్యను కల్పించలేదు. ఒక రకం లెక్క రాసి ఏ కంప్యూటరుకిచ్చినా సరిగ్గా ఇక్కడే ఆగిపోతుంది. ఎందుకో చెప్పాలంటే యంత్రం సంఖ్యల్ని ఎలా దాచుకుంటుందో ముందు చూడాలి.

కంప్యూటరు మెమరీ అంటే వరసగా కట్టిన చిన్న చిన్న గదులనుకోండి. ఒక్కో గదిలో 0 గాని, 1 గాని ఉంటుంది. మూడోది పట్టదు. ఆ గదినే బిట్ అంటారు. మన సంఖ్యల్లో ఎడమకు జరిగేకొద్దీ స్థానం విలువ పదేసి రెట్లు పెరుగుతుంది. యంత్రం వాడే ద్విసంఖ్యామానంలో రెండేసి రెట్లు పెరుగుతుంది: 1, 2, 4, 8, 16. కాబట్టి 1101 అంటే 8, 4, 1 కలిపి 13. ఇంతవరకు మీరు లెక్కల పుస్తకంలో చదివిందే.

మరి చుక్కకు కుడివైపున? మనకు పదోవంతు, నూరోవంతు, వెయ్యోవంతు. యంత్రానికి సగం, పావు, ఎనిమిదోవంతు, పదహారోవంతు. చూడటానికి చిన్న తేడా. మనుషుల ప్రాణాలు తీసిన తేడా కూడా ఇదే. ఆ సంగతి తర్వాత చెబుతాను.

తాతలనాటి వీసం

సగాలు, పావులు, పదహారోవంతులు తెలుగువాళ్ళకు కొత్తవి కావు. పూర్వం కరణాలూ, షావుకార్లూ భిన్నాల్ని ఇలాగే రాసేవారు. పదహారోవంతు పేరు వీసం. రెండు వీసాలైతే పరక, అంటే ఎనిమిదోవంతు. నాలుగు వీసాలైతే పాతిక. వీసంలో నాలుగోవంతు కాని, అంటే 1/64.

వీటిని రాసే పద్ధతి మహా ముచ్చటైనది. పాతికలకు నిలువు గీతల గుర్తులు, వీసాలకు అడ్డగీతల గుర్తులు, కానులకు మళ్ళీ నిలువు గీతలు. ఒక్కో స్థానంలో మూడు గీతల వరకే రాస్తారు. నాలుగైతే పై స్థానానికి ఒకటి ఎక్కించాలి, మనం పదైనప్పుడు ఎక్కించినట్టు. పక్కపక్క స్థానాల్లో గీతల దిక్కు మారుతుంది గనక ఏది పాతికో ఏది వీసమో తికమక పడక్కర్లేదు. అంటే చుక్కకు కుడివైపున మన పెద్దలు పది బదులు నాలుగు ఆధారంగా లెక్క రాసుకున్నారన్నమాట. 2008లో ఈ గుర్తులకు యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది. కనుక కరణంగారి గీతలు ఇప్పుడు కంప్యూటర్లలో అక్షరాలుగా కూడా ఉన్నాయి.

రూపాయికి పదహారణాలున్న రోజుల్లోకి వెళదాం. అప్పుడు అణా అంటే రూపాయిలో వీసమే. ఒక లెక్కలో ఐదు రూపాయల పది అణాలు ఉందనుకోండి. పది అణాలంటే రెండు పాతికలు, రెండు వీసాలు. చుక్క తర్వాత నాలుగు ఆధారపు అంకెలు 2, 2. ఇప్పుడు ఒక చిన్న పని చెయ్యండి. 2ను ద్విసంఖ్యామానంలో 10 అని రాస్తాం గదా. ఆ రెండు అంకెల స్థానంలోనూ 10 చొప్పున వేయండి. 1010 వస్తుంది. అంటే ఒక సగం, పావు లేదు, ఒక ఎనిమిదోవంతు, పదహారోవంతు లేదు. సగం రూపాయి ఎనిమిదణాలు, ఎనిమిదోవంతు రెండణాల బేడ. మొత్తం పది అణాలు!

ఎడమవైపు ఐదు 101 గనక, మొత్తం సంఖ్య 101.101 అవుతుంది. (చివరి సున్న అక్కర్లేదు.) చిట్టాలోంచి యంత్రంలోకి ఒక్క రవ్వ కూడా రాలకుండా వచ్చేసింది.

చుక్క తేలడమంటే

దీన్ని గదుల్లో ఎలా పెట్టాలి? 32 గదులున్నాయనుకుందాం. చుక్కను సరిగ్గా మధ్యలో పాతేసి, ఎడమవైపు 16, కుడివైపు 16 ఇవ్వవచ్చు. కాని అప్పుడు చుక్కకు ఎడమవైపు 65,535 దాటి రాయలేం. కుడివైపు 1/65,536 కన్నా చిన్నది రాయలేం. భూమి ద్రవ్యరాశి సుమారు 6×10²⁴ కిలోగ్రాములు. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి సుమారు 9.1×10⁻³¹ కిలోగ్రాములు. భౌతికశాస్త్రవేత్తకు రెండూ కావాలి. పాతిన చుక్కతో ఆయనకు ఒక్కటీ దొరకదు.

వంతెన ఒకచోట కడితే అక్కడే ఉంటుంది. కోటిపల్లి రేవులో పంటు అలా కాదు, అవసరాన్నిబట్టి ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ తిరుగుతుంది. చుక్కను కూడా పంటులా తేలనిచ్చి, అది ఎక్కడుందో పక్కన ఒక చీటీలో రాసిపెడితే? శాస్త్రవేత్తలు 6×10²⁴ అని రాయడంలో ఉన్న ఉపాయం ఇదే. ముందు అంకెలు, పక్కన ఘాతం. ఇలా దాచిన సంఖ్యల్నే ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యలు, అంటే తేలే చుక్క సంఖ్యలు అంటారు.

మన 101.101లో చుక్కను రెండు స్థానాలు ఎడమకు జరిపితే 1.01101 అవుతుంది. జరిపింది రెండు గనక ఘాతం 2. ఇప్పుడు 32 గదుల్ని పంచుదాం. మొదటి గది గుర్తుకు: ధనాత్మకమైతే 0, ఋణాత్మకమైతే 1. తర్వాతి ఎనిమిది గదులు ఘాతానికి. ఘాతం ఋణసంఖ్య కూడా కావచ్చు గనక, ఆ గొడవ లేకుండా దానికి 127 కలిపి రాస్తారు. మనది 129, అంటే 10000001. మిగిలిన 23 గదులు అంకెలకు. వీటిలో 01101 రాసి, తర్వాత 18 సున్నలు పెట్టాలి.

ముందున్న 1 ఏమైందని మీరడగాలి. (అడగకపోతే నేను చిన్నబుచ్చుకుంటాను.) చుక్కను ఎప్పుడూ మొదటి 1 తర్వాతకే జరుపుతాం. ఎలాగూ అక్కడ 1 తప్ప మరొకటి ఉండదు కాబట్టి దానికి గది దండగ. రాయకుండానే ఉన్నట్టు లెక్క. దాంతో 23 గదుల్లో 24 అంకెలు పట్టాయి. ఈ 24ను గుర్తుంచుకోండి. సున్నలాంటి కొన్ని సంఖ్యలకు వేరే ఏర్పాటుంది, దాని జోలికి ఇప్పుడు పోవద్దు.

నయాపైసల చిక్కు

1957 ఏప్రిల్ 1న మన దేశంలో రూపాయికి వంద నయాపైసలయ్యాయి. అణాలు పోయాయి. బడిపిల్లలకు లెక్కలు తేలికయ్యాయి. పది పైసలంటే 0.10 రూపాయి, ఎంత హాయి! కాని యంత్రాన్ని అడిగి చూడండి.

పదోవంతును సగాలు, పావులుగా మార్చడం కాగితం మీద మీరే చెయ్యవచ్చు. రెట్టింపు చేస్తూ పోవాలి. ఫలితంలో చుక్కకు ముందు వచ్చిన 0 గాని 1 గాని రాసుకుని, మిగిలిన భిన్నాన్నే మళ్ళీ రెట్టింపు చెయ్యాలి. 0.1 రెట్టింపు 0.2: సున్న రాయండి. 0.4: సున్న. 0.8: సున్న. 1.6: ఒకటి రాసి 0.6 ఉంచుకోండి. 1.2: ఒకటి, మిగిలింది 0.2. ఆగండి, ఈ 0.2 ఇందాకే వచ్చింది! మళ్ళీ 0.4, 0.8, 1.6, 1.2, మళ్ళీ 0.2. గానుగెద్దు దొరికింది. 0.000110011001100... ఇలా అంతులేకుండా తిరుగుతూనే ఉంటుంది. మనం 1ని 3తో భాగిస్తే 0.333... వచ్చినట్టే. పదిలో ఐదు ఉంది, ఐదు రెండుకు లొంగదు. తంటా అంతా ఆ ఐదుతోనే.

యంత్రానికి అంతులేని గదులెక్కడివి? 24 అంకెలు పట్టాక దగ్గరి విలువకు సర్దుతుంది. ఇప్పుడు దాని గదుల్లో ఉన్నది పది పైసలు కాదు, దాదాపు 0.1000000015 రూపాయి. ఒకటి నుంచి తొంభై తొమ్మిది పైసల దాకా ఉన్న మొత్తాల్లో యంత్రం లోపం లేకుండా దాచుకోగలిగినవి మూడే: 25, 50, 75. అణాల్లోనైతే ఒకటి నుంచి పదిహేను దాకా పదిహేనూ ఇమిడిపోతాయి. (అణాలో పన్నెండోవంతైన పైని మాత్రం తీసుకురాకండి, అందులో మూడు ఉంది.) దశాంశ పద్ధతి మన చేతివేళ్ళకు నచ్చింది, యంత్రానికి వీసాలే నచ్చుతాయి.

మీ బడిలో కంప్యూటరుంటే పైథాన్ భాషలో 0.1 + 0.2 అని టైపు చెయ్యండి. 0.3 రాదు. 0.30000000000000004 వస్తుంది. పైథాన్ ఒక్కో సంఖ్యకు 64 గదులు ఇస్తుంది గనక లోపం అంత దూరాన బయటపడింది. బయటపడటం మాత్రం మానలేదు.

పదోవంతులో ఇంత సూక్ష్మమైన లోపం వస్తే ఏం ములిగిందనుకునేవాళ్ళు 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో జరిగింది వినాలి. అది గల్ఫ్ యుద్ధకాలం. శత్రు క్షిపణుల్ని ఆకాశంలోనే కూల్చడానికి అక్కడ అమెరికా సైన్యం పేట్రియట్ అనే వ్యవస్థను పెట్టింది. దాని గడియారం సెకనులో పదోవంతుల్ని లెక్కపెట్టేది. సెకన్లు కావాలంటే ఆ లెక్కను పదోవంతుతో గుణించేది. ఆ యంత్రంలో చుక్క తేలేది కాదు, స్థిరంగా పాతిందే. జబ్బు మాత్రం ఇదే. 24 బిట్లలో పదోవంతు ఇమడక తోక తెగింది. పదోవంతు సెకనుకు పోయింది 0.000000095 సెకను. ఆ యంత్రం ఆపకుండా నూరు గంటలు నడిచింది. నూరు గంటల్లో పదోవంతు సెకన్లు 36 లక్షలు. గుణించి చూడండి, 0.34 సెకను. ఎదురుగా వస్తున్న స్కడ్ క్షిపణి సెకనుకు ఒకటిన్నర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. పేట్రియట్ అర కిలోమీటరుకు పైగా తప్పుచోట వెదికింది, అక్కడేమీ కనిపించక ఊరుకుంది. క్షిపణి సైనికుల నివాసం మీద పడి 28 మంది చనిపోయారు. తప్పు సవరించిన ప్రోగ్రాం ఆ మర్నాడు ధహ్రాన్ చేరింది.

కాయలు ఎక్కడికి పోయాయి?

ఇక మన వర్తకుడి సంగతి. ఆయన లెక్క 32 గదుల తేలే చుక్క సంఖ్యలో ఉంది. కొబ్బరికాయలు పూర్ణసంఖ్యలే, వాటిలో పదోవంతులు లేవు. మరి లోపం ఎక్కడిది?

24 అంకెలన్నానే, అక్కడ. 24 అంకెల్లో ఒక్కోటీ తప్పకుండా లెక్కపెట్టగలిగిన హద్దు రెండును ఇరవై నాలుగుసార్లు గుణిస్తే వచ్చేది. అదే 1,67,77,216. ఆ తర్వాత సంఖ్య రాయడానికి ఇరవై ఐదో అంకె కావాలి, అది లేదు. చుక్క కుడికి జరుగుతుంది, ఒకట్ల స్థానం చేజారుతుంది. అక్కణ్ణించి యంత్రానికి తెలిసిన సంఖ్యలు రెండేసి దూరంలో ఉంటాయి. 216 తర్వాత 218, తర్వాత 220. 217 వచ్చిందంటే అది రెంటికీ సరిగ్గా మధ్య. అలాంటప్పుడు చివరి అంకె 0 ఉన్న వైపుకు సర్దాలని నియమం. ఆ నియమం దాన్ని మళ్ళీ 216కే తోస్తుంది. ప్రతి కాయకూ ఇదే తంతు.

అదే కాయల్ని పుంజీల చొప్పున, అంటే నాలుగేసి కలిపి ఉంటే యంత్రం ఇక్కడ ఆగేది కాదు. 6,71,08,864 దాకా పోయి అక్కడ ఆగేది. ఎందుకో మీరే చెప్పండి.

తేలే చుక్క సంఖ్యల తీరే అంత. 1 నుంచి 2 దాకా 83,88,608 మెట్లుంటే, 2 నుంచి 4 దాకా అన్నే మెట్లు, 64 నుంచి 128 దాకా కూడా అన్నే మెట్లు. మెట్ల సంఖ్య మారదు, ఎడం పెరుగుతూ పోతుంది.

దీనికి అమలాపురంలోనే ఒక ఉదాహరణ ఉంది. అమలాపురం తూర్పు రేఖాంశం సుమారు 82 డిగ్రీలు. 64కూ 128కీ మధ్య గనక అక్కడ ఒక్కో మెట్టు డిగ్రీలో 1,31,072వ వంతు. మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే సుమారు 107 కిలోమీటర్లు. భాగించండి. మెట్టు 81 సెంటీమీటర్లు! ఉత్తర దక్షిణాలుగా చూస్తే అక్షాంశం సుమారు 16.6, అది 16కూ 32కూ మధ్య. అక్కడ మెట్టు 21 సెంటీమీటర్లే. అంటే కొత్తపేటలోనో రాజోలులోనో ఒక కొబ్బరి మొక్క ఉన్న చోటును 32 గదుల్లో దాచితే, అది తూర్పు పడమరలుగా 40 సెంటీమీటర్ల దాకా జరిగి కనిపించవచ్చు. గట్టు మీద మొక్క పక్కవాడి చేలోకి వెళ్ళిపోతుంది. గట్ల తగాదాలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా! కోనసీమ నుంచి ఎందరో పనికి వెళ్ళే కువైట్ రేఖాంశం 48 డిగ్రీలు, 64కు లోపలే. అక్కడ మెట్టు 37 సెంటీమీటర్లు. మొక్క అదే, యంత్రం అదే, ఊరు మారితే లోపం మారింది.

ఈ ఇబ్బందికి మందు 64 గదులు. వాటిలో అంకెలకు 52, ఘాతానికి 11, గుర్తుకు ఒకటి. అప్పుడు అమలాపురంలో మెట్టు మిల్లీమీటరులో ఆరు లక్షల వంతు కన్నా చిన్నదవుతుంది. ఇక ఏ గట్టూ కదలదు. డబ్బు లెక్కల్లోనైతే అసలు చుక్క లేకుండా అన్నీ పైసల్లో పూర్ణసంఖ్యలుగా రాసుకోవడం మంచి పద్ధతి.

గదుల పంపకం అన్నిచోట్లా మొదట్నుంచీ ఒకేలా లేదు. 1941లో జర్మనీలో కొన్రాడ్ జూసె కట్టిన జడ్ 3 యంత్రం 22 బిట్లలోనే తేలే చుక్క సంఖ్యల్ని దాచింది. 1964లో వచ్చిన ఐ.బి.ఎమ్. 360 యంత్రాలు రెండు బదులు పదహారు ఘాతాల్ని వాడాయి. వాళ్ళెవరో అణాల కాలం వాళ్ళలా ఉన్నారు! హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వారి టి.డి.సి. 12 యంత్రం 1969 నాటిది. దానిలో ఒక్కో పదానికి 12 బిట్లు, అంటే 4,096 రకాల అమరికలు మాత్రమే. కాస్త నికరమైన భిన్నం రాయాలంటే అలాంటి పదాలు కొన్ని కలిపి వాడక తప్పదు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి కావడంతో ఒకే లెక్కకు రెండు యంత్రాలు రెండు జవాబులిచ్చేవి. ఏది నమ్మాలి? 1985లో ఐ.ఇ.ఇ.ఇ. 754 అనే ప్రమాణం వచ్చాకే ఈ గందరగోళం సద్దుమణిగింది. మనం పైన చేసిన 1, 8, 23 పంపకం అందులోదే. దాని వెనక ముఖ్యుడు కెనడాలో పుట్టిన గణితవేత్త విలియం కహాన్. ఆయనకు 1989లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. 2008లో ఆ ప్రమాణాన్ని సవరించినప్పుడు పది ఘాతాల పద్ధతిని కూడా చేర్చారు. దానిలో పది పైసలు చక్కగా ఇముడుతాయి. మన వీసం గుర్తులు యూనికోడ్‌లో చేరిందీ అదే సంవత్సరం!

కొబ్బరి వర్తకుడికి మాత్రం కహాన్ 1965లోనే ఒక చిట్కా చెప్పి ఉన్నాడు. పెద్ద లెక్క పక్కన ఒక చిన్న చీటీ పెట్టుకోవాలి. కలిపాక నిజంగా ఎంత చేరిందో చూసుకుని, చేరకుండా పోయినదాన్ని చీటీ మీద రాసుకోవాలి. 1,67,77,216 దగ్గర ఒక కాయ పడింది, లెక్కలో చేరలేదు. చీటీ మీద ఒకటి. రెండో కాయ పడింది. చీటీలోదానితో కలిపి రెండు. రెండు కలిపితే 1,67,77,218, యంత్రానికి తెలిసిన సంఖ్యే! లెక్క కదిలింది, చీటీ ఖాళీ అయింది.